బాయిలరు నుదుటి వ్రాత

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే చాలామందికి జ్ఞాపకం వచ్చేది అక్కడి స్టేషను ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తరువాత హుబ్బళ్ళి ఆ కీర్తిని లాగుకొన్నాయి. కాని ఖరగ్‌పూర్‌ను ఊరుగా నిలబెట్టినది ప్లాట్‌ఫారం కాదు, రైల్వే కార్ఖానా. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అక్కడ తన ఇంజన్లకు, పెట్టెలకు మరమ్మతు చేసే పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. 1902లో అదే కంపెనీ తూర్పు కోస్తా రైలుమార్గపు ఉత్తర భాగాన్ని తన చేతిలోకి తీసుకొన్నది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకూ ఈ కార్ఖానాకూ ఒకే ఇనుపదారి ఏర్పడింది. ఆ దారిన బ్రతుకుతెరువు కోసం వెళ్ళిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేడు మథురాకాటిలో, నింపురాలో స్థిరపడి ఉన్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, అందుకు కారణంగా అందరూ చెప్పుకొన్నది ఖరగ్‌పూర్ తెలుగువారినే.

ఆవిరి ఇంజన్లు నడిచిన కాలంలో ఇలాంటి రైల్వే ఊళ్ళలో కొన్ని వృత్తుల పేర్లు ఇంటిపేర్లంత సాధారణం: ఖలాసీ, ఫిట్టరు, ఫైర్‌మన్, బాయిలర్ మేకరు. వీరిలో కడపటివానికి ఒక ప్రత్యేకమైన చదువు ఉండేది. అది బడిలో నేర్పేది కాదు. మసిపట్టిన ఇనుపరేకును నూనెగుడ్డతో తుడిచి, దానిమీద సుత్తిదెబ్బతో దిగిన అక్షరాలను, అంకెలను చదివి, ఈ పాత్రకు ఎంత బరువు మోపవచ్చునో, అసలు మోపవచ్చునో లేదో చెప్పగలిగే చదువు.

ఆవిరి ఇంజన్ల కాలం గతించింది. బాయిలర్ల కాలం గతించలేదు. ఉప్పుడు బియ్యం తినే బెంగాలులో వరిమిల్లు ఉన్నచోటనెల్లా ధాన్యం ఉడికించడానికి బాయిలరు ఉంటుంది. మన గోదావరి జిల్లాలలోని మిల్లులలోనూ అంతే. అద్దకపు కార్ఖానాలు, పాల డెయిరీలు, మందుల ఫ్యాక్టరీలు, పెద్ద ఆసుపత్రులు ఆవిరి లేకుండా నడవవు. టైర్లకు గాలి కొట్టే దుకాణంలోని కంప్రెసర్ ట్యాంకు, వంటింటి గ్యాసు సిలిండరు కూడా ఆ కుటుంబానికి చెందినవే. లోపల ఒత్తిడిని బంధించి ఉంచే ఈ పాత్రలన్నిటినీ ఇంజనీర్లు పీడన పాత్రలంటారు. వీటన్నిటికీ నుదుటి వ్రాత ఉంటుంది. అది బ్రహ్మ వ్రాసినది కాదు గనుక, చదివి తెలుసుకొనే అవకాశం మనకు ఉన్నది.

ముందుగా, ఆ పాత్ర లోపల ఏమి జరుగుతున్నదో చూద్దాం. ఒక మీటరు వ్యాసం గల బాయిలరులో చదరపు సెంటీమీటరుకు 10 కిలోల ఒత్తిడి ఉన్నదనుకొందాం. పొడవులో ప్రతి సెంటీమీటరు దగ్గరా ఆ గొట్టాన్ని రెండు దొప్పలుగా చీల్చాలని చూసే బలం 1000 కిలోలు, అంటే ఒక టన్ను. ఆ బలాన్ని ఇరుప్రక్కల గోడలు చెరిసగం మోస్తాయి. రేకు మందం ఒక సెంటీమీటరైతే ఇనుముపై పడే భారం చదరపు సెంటీమీటరుకు 500 కిలోలు. మామూలు ఉక్కు తెగడానికి 4000 కిలోలకు పైగా కావాలి గనుక మనకు చాలినంత నిబ్బరం ఉన్నది. కాని లోపల తుప్పు తినివేసి ఆ మందం అర సెంటీమీటరైనప్పుడు భారం రెట్టింపవుతుంది. అతుకు దగ్గర, గుంటపడినచోట, పగులు పుట్టినచోట ఇంకా పెరుగుతుంది. బయట రంగు వేసి ఉంటే చూసేవానికి ఇదేమీ కనబడదు.

అసలు ప్రమాదం ఇనుములో కన్న నీటిలో ఉన్నది. ఆ ఒత్తిడి వద్ద నీరు 184 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాగినా మరిగిపోకుండా నీరుగానే ఉంటుంది. గోడ చీలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఆ నీటిలో ఇంచుమించు ఆరోవంతు రెప్పపాటులో ఆవిరి అవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు కావాలి. ఒక టన్ను నీరున్న చిన్న బాయిలరు పగిలితే క్షణంలో 270 ఘనపు మీటర్ల ఆవిరి పుడుతుందన్నమాట. మిల్లు పైకప్పు ఎగిరిపోవడానికి వేరే మందుగుండు అక్కరలేదు.

ఈ సంగతిని మన దేశం కలకత్తాలో నేర్చుకొన్నది. 1863లో అక్కడ ఒక బాయిలరు పేలి పలువురు మరణించారు. మరుసటి సంవత్సరమే బెంగాలు శాసనసభ, కలకత్తా నగరంలోను శివార్లలోను ఉన్న ఆవిరి బాయిలర్లను తనిఖీ చేయాలని 1864 నాటి ఆరవ చట్టాన్ని చేసింది. తక్కిన రాష్ట్రాలు ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. కాని ఏ రాష్ట్రపు చట్టం దానిదే. ఒకచోట పనికివచ్చిన బాయిలరు మరొకచోట పనికిరాదు, ఒకచోట పనికిరానిది హద్దు దాటితే పనికివస్తుంది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1923లో దేశమంతటికీ ఒకే బాయిలర్ల చట్టం వచ్చింది. నూరేళ్ళు దాటి నిలిచిన ఆ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త బాయిలర్ల చట్టాన్ని ఆమోదించింది. నమోదు లేని బాయిలరును, ధ్రువపత్రం లేని బాయిలరును నడపరాదన్న మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు రేకు దగ్గరికి వద్దాం. బాయిలరు మీద కనబడే వ్రాత అంతా ఒకరు వ్రాసినది కాదు. ఇది తెలియకనే చాలామంది పొరబడతారు.

మొదటి వ్రాత తయారుచేసినవారిది. కంపెనీ పేరు, వారి కార్ఖానా వరుస సంఖ్య, తయారైన సంవత్సరం, పని ఒత్తిడి, పరీక్షించిన ఒత్తిడి, పరీక్ష తేదీ ఇందులో ఉంటాయి. పరీక్ష ఒత్తిడి పని ఒత్తిడికన్న ఎక్కువగా, సామాన్యంగా ఒకటిన్నర రెట్లుగా ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి గనుక పెద్ద అంకెను చూసి, ఇంతవరకు నడపవచ్చునని భ్రమపడేవారు లేకపోలేదు. పెద్ద అంకె పరీక్షనాడు చన్నీళ్ళతో పెట్టిన బరువు మాత్రమే. చన్నీళ్ళతోనే ఎందుకు పరీక్షిస్తారంటే, నీరు అణగదు. పాత్ర బలహీనమైనదైతే ఎక్కడో కారి ఊరుకుంటుంది, పేలదు. గాలితోనో ఆవిరితోనో అదే పరీక్ష చేయడం కొరివితో తల గోక్కోవడమే.

అంకెతోపాటు కొలమానాన్ని కూడా చదవాలి. పాతకాలపు రేకు మీద 150 అని ఉంటే అది చదరపు అంగుళానికి పౌండ్లు; మన లెక్కలో పదిన్నర కిలోలు. మన డబ్ల్యు.పి., డబ్ల్యు.జి. తరగతుల ఆవిరి ఇంజన్లు పనిచేసిన 210 పౌండ్ల ఒత్తిడి దాదాపు 14.8 కిలోలకు సమానం. ఇటీవలి రేకుల మీద మెగాపాస్కల్ అనే కొలమానం కనబడుతుంది. అందులో ఒకటి అంటే పది కిలోలకు కొంచెం పైన. రేకు ఒక భాషలో, గేజి మరొక భాషలో మాట్లాడుతుంటే, మధ్యలో నిలిచిన బాయిలరు అటెండెంటు దుబాసీ కావలసి వస్తుంది.

రెండవ వ్రాత తనిఖీ అధికారి ముద్ర. బాయిలరు తయారవుతున్నప్పుడు దగ్గరుండి, ఉక్కు నాణ్యతను, అతుకులను, నీటి పరీక్షను చూచిన అధికారి తన గుర్తును ఇనుములోనే దిగగొడతాడు. ఆ ముద్రల నకలు బాయిలరుతోపాటు వచ్చే ధ్రువపత్రంలో కూడా ఉండాలి. కాగితంలోని నకలూ ఇనుములోని గుర్తూ ఒకటైతేనే ఆ కాగితం ఆ ఇనుముది.

మూడవది ప్రభుత్వ నమోదు సంఖ్య. కొన్న యజమాని దరఖాస్తు పెట్టుకొన్నాక ఇన్‌స్పెక్టరు వచ్చి, బాయిలరును కొలిచి, లోపలా బయటా చూచి, ఎంత ఒత్తిడికి అనుమతించవచ్చునో లెక్కగట్టి, చీఫ్ ఇన్‌స్పెక్టరుకు నివేదిస్తాడు. అప్పుడు ఒక సంఖ్య కేటాయిస్తారు. రాష్ట్రాన్ని సూచించే అక్షరాలు ముందుంటాయి: పశ్చిమ బెంగాలుకు డబ్ల్యు.బి., ఆంధ్రప్రదేశ్‌కు ఏ.పి., మహారాష్ట్రకు ఎం.ఆర్., గుజరాత్‌కు జి.టి. ఆ సంఖ్యను యజమాని నిర్ణీత గడువులో బాయిలరు మీద చెరగకుండా చెక్కించాలి. దానిని చెరిపినా, మార్చినా, కనబడకుండా చేసినా 1923 చట్టం జరిమానా విధించింది. తనకు కేటాయించని సంఖ్యను మోసంతో చెక్కినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష పెట్టింది. ఒక అంకెకు ఇంత రక్షణ ఎందుకని అనిపించవచ్చును.

ఎందుకంటే ఆ అంకె బాయిలరు యోగ్యతను చెప్పదు. బాయిలరు చరిత్ర ఎక్కడున్నదో చెబుతుంది. దాని వెనుక బాయిలర్ల శాఖ కార్యాలయంలో ఒక పుస్తకం ఉంటుంది. ఏ సంవత్సరం ఎంత ఒత్తిడికి అనుమతి ఇచ్చారు, ఎక్కడ మందం తగ్గింది, ఏ గొట్టాలు మార్చారు, ఏ అతుకును ఎవరు వేశారు, ఎప్పుడు అనుమతి ఒత్తిడిని కుదించారు అన్నవన్నీ అందులోకి ఎక్కుతాయి. తయారీదారు రేకు పుట్టినరోజు నాటి మాట. నమోదు సంఖ్య ద్వారా తెరుచుకొనే పుస్తకం ఈనాటి మాట. ఇరవై ఏళ్ళ క్రితం 10 కిలోలకు పుట్టిన బాయిలరును ఇప్పుడు 7 కిలోలకే అనుమతించి ఉండవచ్చును. రేకు మీద 10 అలాగే మెరుస్తూ ఉంటుంది.

ధ్రువపత్రం కూడా శాశ్వతం కాదు. మామూలు బాయిలరుకు అది పన్నెండు నెలలు మించకూడదన్నది 1923 చట్టపు నియమం. గడువు తీరకముందే అది చచ్చిపోయే సందర్భాలనూ ఆ చట్టమే చెప్పింది: బాయిలరుకు ప్రమాదం జరిగినా, నిర్మాణంలో మార్పు చేసినా, స్థిరంగా ఉంచిన బాయిలరును చోటు మార్చినా ఆ కాగితం చెల్లదు. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరలిస్తే ఆ సంగతి అధికారులకు తెలిపితీరాలి. వరిమిల్లుల వ్యాపారంలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. మూతపడిన మిల్లు బాయిలరును మరొకరు కొని లారీ మీద వందల మైళ్ళు తరలించడం సర్వసాధారణం. అమ్మేవాడు చూపించే ధ్రువపత్రం అసలైనదే కావచ్చు. బాయిలరు పునాది నుంచి లేచిన క్షణాన దాని ప్రాణం పోయిందన్న సంగతి కొనేవానికి తెలియకపోవచ్చు.

ఖరగ్‌పూర్ వంటి రైల్వే ఊరిలో ఈ అంకెల కథకు మరో ముడి ఉన్నది. రైల్వేల బాయిలర్లను చట్టం పరిధి నుంచి మినహాయించే అధికారాన్ని 1923 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఇంజన్ బాయిలర్లను రైల్వేలే తమ ఇన్‌స్పెక్టర్ల చేత పరీక్ష చేయించుకొనేవి. అందుచేత కార్ఖానా గోడ లోపలి బాయిలరుకు ఒక వరుస అంకెలు, గోడ బయట మిల్లులోని బాయిలరుకు మరొక వరుస.

లోపలి వరుసలోనూ తికమక లేకపోలేదు. ఇంజన్ నెంబరు వేరు, బాయిలరు నెంబరు వేరు. భారీ మరమ్మతుకు వచ్చిన ఇంజన్ బాయిలరు బాగుపడేదాకా ఇంజన్‌ను ఊరక నిలిపి ఉంచడం నష్టం గనుక, అదే తరగతికి చెందిన మరొక సిద్ధమైన బాయిలరును దానికి బిగించి పంపేవారు. రైల్వే వర్క్‌షాపులలో ఇది మామూలు పద్ధతి. ఒక ఇంజన్ తన జీవితంలో మూడు నాలుగు బాయిలర్లను మోయవచ్చు. ఒక బాయిలరు ముగ్గురు నలుగురు ఇంజన్ల భుజాలెక్కవచ్చు. ఇంజన్ పక్కన మెరిసే ఇత్తడి పలకను చూసి బాయిలరు వయస్సు చెప్పడం, చొక్కాను బట్టి మనిషి వయస్సు చెప్పడం వంటిది. బెంగాల్ నాగపూర్ రైల్వే పేరుకు వన్నె తెచ్చిన గారట్ ఇంజన్లను మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కంపెనీ చేసింది. వాటిలో 811వ నెంబరు ఇంజన్‌ను ఖరగ్‌పూర్‌లో పునరుద్ధరించి 2006లో తిరిగి ఆవిరి మీద నడిపారు. డెబ్బైయేళ్ళు దాటిన బాయిలరు నిలుస్తుందా లేదా అన్నది మాంచెస్టరు పలక చెప్పలేదు.

మరి ఎవరు చెబుతారు? పాతకాలపు బాయిలర్ మేకరు చేతిలో ఒక చిన్న సుత్తి ఉండేది. నిప్పుగూడు గోడలను పట్టి ఉంచే వందలాది స్టే బోల్టులను ఒక్కొక్కటిగా తట్టి వినేవాడు. గట్టి బోల్టు మోగుతుంది. విరిగిన బోల్టు బొంగురుపోతుంది. కొన్ని బోల్టుల నడుమ సన్నని రంధ్రం కూడా తొలిచి ఉంచేవారు. బోల్టు లోపల విరిగితే ఆ రంధ్రం గుండా నీరు చిమ్మి, తన చావును తానే చాటుకొంటుంది. నేడు సుత్తి స్థానంలో మందాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ పరికరాలు, ఎక్స్‌రే ఫోటోలు వచ్చాయి. ఫలితం వ్రాసుకొనే పుస్తకం మాత్రం అదే.

ఇతర దేశాల ముద్రలు కూడా మన కార్ఖానాలలో విరివిగా కనబడతాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు బ్రాక్టన్ పట్టణంలో 1905 మార్చి 20న ఒక బూట్ల కార్ఖానా బాయిలరు పేలి, కట్టడం కూలి, మంటలు చెలరేగి 58 మంది చనిపోయారు. 1907లో ఆ రాష్ట్రం బాయిలర్ల నిబంధనలు చేసింది. ఆ మీదట అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం 1914లో దేశానికంతటికీ పనికివచ్చే నియమావళిని రూపొందించింది. ఆ నియమాల ప్రకారం చేసిన పాత్ర మీద పూరేకుల ఆకారపు ముద్ర వేస్తారు. పాత ముద్రలలో లోపల ‘యు’ అనే అక్షరం ఉంటే నిప్పు తగలని పీడన పాత్ర. ‘ఎస్’ ఉంటే ఆవిరి బాయిలరు. 2011 నుంచి అన్నిటికీ ఒకే ముద్ర వేసి, రకాన్ని తెలిపే అక్షరాన్ని దాని క్రింద వేస్తున్నారు. ఐరోపా వస్తువుల మీద ‘సి.ఇ.’ గుర్తు, ప్రక్కన నాలుగంకెల సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్య పాత్రది కాదు. తనిఖీ చేసిన సంస్థది. ఒకే సంస్థ చూచిన వేలాది పాత్రలమీద అదే సంఖ్య ఉంటుంది. కెనడాలో మరొక తీరు: అక్కడి నమోదు సంఖ్య పాత్ర నమూనాకు చెందినది; దానిలోని బిందువు తరువాతి గుర్తులు ఏయే రాష్ట్రాలలో ఆ నమూనాకు అంగీకారం ఉన్నదో చెబుతాయి.

విదేశీ ముద్ర ఎంత ఘనమైనదైనా, మన దేశంలో ఆవిరి పుట్టించే బాయిలరుకు మన నమోదు లేకపోతే అది వీసా లేని పాసుపోర్టు.

రేకు మీద ఒత్తిడికి జోడుగా ఉష్ణోగ్రత కూడా వ్రాసి ఉంటుంది. చాలామంది దానిని పట్టించుకోరు. వేడెక్కిన కొద్దీ ఉక్కు బలం సన్నగిల్లుతుంది గనుక, పేర్కొన్న వేడిని దాటితే పేర్కొన్న ఒత్తిడికి అర్థం లేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో లీకైన వంటగ్యాసు అంటుకొని, ఆ మంటలలో గ్యాసు నిల్వ ఉంచిన గోళాలు పేలి సుమారు 60 మంది మరణించారు. మంటలలో కాగుతున్న పాత్రకు దాని రేకు మీది అంకె రక్ష కాదు.

బాయిలర్ల చట్టం ఆవిరికే పరిమితం. గాలి, గ్యాసు ఉంచే పాత్రలకు వేరు నిబంధనలున్నాయి. వెయ్యి లీటర్లు మించిన గ్యాసు ట్యాంకులకు 1981లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. వాటి అమలు నాగపూర్ కేంద్రంగా గల పేలుడు పదార్థాల భద్రతా సంస్థది. ఫ్యాక్టరీలలోని గాలి ట్యాంకులను నిర్ణీత వ్యవధులలో పరీక్ష చేయించే బాధ్యత 2025 వరకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం క్రిందికి వచ్చేది. ఫ్యాక్టరీ అనిపించుకోని చిన్న టైరు దుకాణంలోని ట్యాంకు మాత్రం ఎవరి కంటా పడక, అడుగున నీరు చేరి, లోపలినుంచి తుప్పుపడుతూ ఉంటుంది. అడుగు మర తిప్పి రోజూ ఆ నీటిని వదిలే దుకాణదారుకు ఏ చట్టమూ తెలియకపోయినా సగం భద్రత చేజిక్కినట్లే.

వంటింటి సిలిండరును ఎవరైనా చదవవచ్చు. పైన పిడిని పట్టి ఉంచే పట్టీలలో ఒకదాని లోపలివైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు ఉంటాయి. ‘ఎ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ అంటే ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ అంటే జూలై నుంచి సెప్టెంబరు, ‘డి’ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. అది తయారైన తేదీ కాదు. మళ్ళీ పరీక్షకు వెళ్ళవలసిన గడువు. ఆ గడువు దాటిన సిలిండరు గుమ్మంలోకి వస్తే తిరిగి పంపే హక్కు గృహిణికి ఉన్నది.

పాత బాయిలరును కొనే మిల్లు యజమానికి గృహిణి కన్న పని కొంచెం ఎక్కువ. మెరిసే పలకను చూసి తృప్తిపడరాదు. పలకను మరలు విప్పి మరొకదానికి బిగించవచ్చు. బాయిలరు ఒంటిమీదనే చెక్కిన సంఖ్యను వెదకాలి. రంగు పొరలను గీకి, ఆ చోట పలుచని కాగితం పరచి, మెత్తని పెన్సిలుతో మెల్లగా రుద్దితే అక్షరాలు, అంకెలు, ఇన్‌స్పెక్టరు గుర్తు ఉన్నవి ఉన్నట్లుగా కాగితం మీదికి తేలుతాయి. సొరుగు, సున్నం పేరుకొన్నచోట కంటికి ఆనని గాటు కూడా ఇందులో కనబడుతుంది. సంఖ్య ప్రక్కన ఇనుము పల్లపడి ఉన్నా, అంకెలు ఒకే వరుసలో లేకపోయినా, ఒక అంకె తీరు మరొకదానితో కలవకపోయినా అక్కడ ఎవరో ఆకురాయి పట్టారని అనుమానించాలి. ఆ కాగితాన్ని జేబులో వేసుకొని బాయిలర్ల శాఖ కార్యాలయానికి వెళ్ళి, ఆ సంఖ్యకు చెందిన పుస్తకం తీయించి, అందులోని కొలతలతో, కడపటిసారి అనుమతించిన ఒత్తిడితో సరిచూచుకొన్న పిమ్మటనే బయానా ఇవ్వాలి.